రియల్ టైమ్ చొక్కా

సుకన్యకు కోపం ముక్కు మీదే ఉంటుందని బోరబండలో వాళ్ల గల్లీ మొత్తం అంటుంది. అంటారు, అనేవాళ్ల సొమ్మేం పోయింది? ఆ పిల్ల చదివిన చదువెంత, ఆమె మీద పెత్తనానికి తయారైనవాళ్ల బుద్ధెంత అని ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూస్తే, కోపం ముక్కు దగ్గరే ఆగినందుకు ఆమెకు దండం పెట్టాలి. ఆ బట్టల గొడవలో ఇంకొకరైతే ఎవరో ఒకరి నెత్తిన డస్టర్ విసిరి ఉండేవాళ్లు.

గొడవ కన్నా ముందు మనిషి సంగతి చెప్పాలి. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన ఐలయ్యకు, మంగవ్వకు సుకన్య ఒక్కతే కూతురు. ఎం.సి.ఏ. మంచి మార్కులతో పాసైంది. హైటెక్ సిటీ వైపు రోజుకో అద్దాల మేడ లేస్తున్న కాలమది. ఆమె కూడా అందరిలాగే ఫైలు చంకలో పెట్టుకుని ఇంటర్వ్యూలకు తిరిగింది. రాతపరీక్షల్లో ఎప్పుడూ ముందే ఉండేది. ఆ తర్వాత ఏసీ గదిలో కూర్చోబెట్టి, మీ గురించి చెప్పండి అని ఇంగ్లీషులో అడిగేవాళ్లు. ప్రోగ్రాము అడిగితే గడగడా రాసిచ్చే మనిషికి ఆ ప్రశ్న వింటే చిరాకు. అంతా కాగితం మీద రాసి ఇచ్చాక మళ్లీ నోటితో చెప్పేదేముందని ఆమె వాదన. ఆ చిరాకు మొహంలో కనపడిపోయేది. చిరాకు మొహాలకు ఆ మేడల్లో చోటు లేదు.

దాంతో అమీర్‌పేటలో చలపతిరావు నడిపే కోచింగ్ సెంటర్లో సి లాంగ్వేజీ చెప్పడానికి చేరింది. కింద మిర్చిబజ్జీల బండి, మెట్ల పక్కన జిరాక్స్ షాపు, రెండో అంతస్తులో క్లాసులు. పొద్దున్న అక్కడ చెప్పి, మధ్యాహ్నం పంజాగుట్టలో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ లెక్చరరుగా చేసేది. రెండు చోట్లకీ కాటన్ చీరలోనే పోయేది. ఆ చీరలకు మంగవ్వ ఆదివారం ఆదివారం గంజి పెట్టి ఆరేసేది. ఇస్త్రీ చేసిన చీర కుచ్చిళ్లు సర్దుకుని, భుజం మీద పిన్ను పెట్టుకుని, టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని బోరబండలో బస్సెక్కితే సుకన్యకు ఆ రోజు సక్రమంగా మొదలైనట్టు అనిపించేది. చీరంటే ఆమెకు ఇష్టం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

సి చెప్పి చెప్పి విసుగెత్తిన సుకన్యకు ఒకటే కోరిక. జావా బ్యాచ్ కావాలి. జావా ఆమె సొంతంగా నేర్చుకుంది. నేర్చుకోవడమే కాదు, ఆ సెంటర్లో జావా చెప్పే వంశీధర్ అనే ఆయన నోట్సు సగం ఆమె రాసిచ్చిందే. అమీర్‌పేటలో సి చెప్పే మనిషిని ఎవరూ పట్టించుకోరు. జావా చెప్పే మనిషి పేరు రోడ్డుకి అడ్డంగా ఫ్లెక్సీ మీద కడతారు. బస్సులో పోతూ కిటికీలోంచి ఆ పేర్లు చదువుకునేది. అన్నీ మగపేర్లే. వాటి మధ్య తన పేరు ఒక్కసారి చూసుకోవాలని ఆమె పంతం. తప్పేముంది?

ఒకరోజు చలపతిరావు తన గదిలోకి పిలిచాడు.

"ఏంటమ్మా సుకన్యా, జావా అడుగుతున్నావు కదా. సోమవారం కొత్త బ్యాచ్‌కి డెమో. నువ్వే చెప్పు. జనం చేరితే బ్యాచ్ నీది, ఫ్లెక్సీ మీద పేరు నీది. కాకపోతే చిన్న మార్పు కావాలి."

"ఏం మార్పు సార్?"

"నీ అవతారం."

ఇక్కడ డెమో అంటే ఏమిటో చెప్పాలి. అమీర్‌పేటలో పాఠం పుచ్చకాయ లాంటిది, ముక్క కోసి రుచి చూపించాకే బేరం. మొదటి క్లాసు ఊరికే చెప్తారు. నచ్చినవాళ్లు ఫీజు కడతారు, నచ్చనివాళ్లు మెట్లు దిగి ఎదురు బిల్డింగు ఎక్కుతారు. ఇంకో మాట కూడా అక్కడ చలామణీలో ఉంది, రియల్ టైమ్. అంటే ఆ చెప్పేవాడు ఏదో కంపెనీలో నిజంగా ప్రాజెక్టు చేస్తున్నాడని, పొద్దున్నే ఇక్కడ పాఠం చెప్పి అక్కడ ఆఫీసుకు పోతాడని అర్థం. ఫ్లెక్సీ మీద పేరు పక్కన రియల్ టైమ్ అని లేకపోతే ఆ మేష్టారి మొహం చూసేవాడే లేడు. వంశీధర్ మెడలో ఎప్పుడూ కంపెనీ ట్యాగు తాడు ఉంటుంది. దాని చివరి కార్డు మాత్రం చొక్కా జేబులో ఉంటుంది. ఆ కంపెనీ మూతపడి ఏళ్లయిందని సెంటర్లో అందరికీ తెలుసు. విద్యార్థులకు తప్ప.

"స్మార్ట్ క్యాజువల్స్ అంటారమ్మా," అన్నాడు చలపతిరావు కుర్చీలో వెనక్కి వాలి. "మరీ పెళ్లికి పోతున్నట్టూ ఉండకూడదు, మరీ ఇంట్లో కూరగాయలు తరుగుతున్నట్టూ ఉండకూడదు. చూడగానే ఈవిడ ఇప్పుడే హైటెక్ సిటీకి పోతోంది అనిపించాలి. జావా అంటే అమెరికా సరుకు. గంజి పెట్టిన చీరలో చెప్తే ఎవడు కొంటాడు?"

"నేను పోయేది పంజాగుట్ట కాలేజీకి సార్."

"అది మనకు తెలుసు. డెమోకి వచ్చేవాడికి ఎలా తెలుస్తుంది?"

సుకన్యకు ఒళ్లు మండింది. పాఠం గురించి ఒక్క ముక్క అడగలేదు ఈ మనిషి. ఏం చెప్తావు, ఎట్ల మొదలుపెడతావు అనలేదు. అయినా జావా బ్యాచ్ కదా, ఫ్లెక్సీ కదా అని నోరు నొక్కుకుంది. సరే సార్ అంది.

ఇక మొదలైంది బట్టల వేట. సుకన్య బుర్ర ఊరుకునే బుర్ర కాదు. రెండు చోట్లా పనికొచ్చేలా ఒకే జత ఎందుకు ఉండకూడదు అనుకుంది. మోకాళ్ల దాకా వచ్చే చేనేత కుర్తా, దాని కింద నల్ల ప్యాంటు. గుడ్డ తానే కొంది. బోరబండలో టైలర్ రాజనర్సయ్య దగ్గర మెడ ఎంత ఉండాలి, చేతులు ఎక్కడిదాకా రావాలి అని నిలబడి చెప్పి మరీ కుట్టించుకుంది. ఇటుక రంగు, అంచుకు సన్న గీత. అద్దంలో చూసుకుంటే తనకే ముచ్చటేసింది. బోర్డు మీద పైదాకా చెయ్యి ఎత్తి రాయొచ్చు, బస్సు ఎగిరి ఎక్కొచ్చు, కొంగు ఫ్యాన్లో పడుతుందన్న భయం లేదు. పనిచేసుకునే ఆడమనిషికి ఇంతకన్నా మంచి బట్ట ఎవడు చెప్పగలడు?

చలపతిరావు చూసి పెదవి విరిచాడు. "ఇది ఎన్జీవో అమ్మా. మహిళా మండలి మీటింగుకి పోతున్నట్టుంది. సాఫ్ట్‌వేర్ ఎక్కడుంది ఇందులో?"

ఆ మాట దిగమింగుకుని మధ్యాహ్నం కాలేజీకి పోతే, ప్రిన్సిపాల్ వసుమతి వరండాలోనే ఆపింది. "ఏంటమ్మా ఇది? చున్నీ కూడా లేదు. నీకూ స్టూడెంట్లకూ తేడా ఉండక్కర్లేదా? ఇది క్యాంపస్, సినిమా హాలు కాదు. మన దగ్గర లేడీ లెక్చరర్లు చీరే కట్టుకోవాలి, నీకు చేరినప్పుడే చెప్పాను."

"మగ లెక్చరర్లు జీన్సు ప్యాంట్లల్ల వస్తున్నరు గద మేడం. వాళ్లకూ స్టూడెంట్లకూ తేడా అక్కర్లేదా?"

"వాళ్లు మగవాళ్లు," అంది వసుమతి, అక్కడితో లెక్క తేలిపోయినట్టు.

మగవాళ్లు! ఆ ఒక్క మాటతో ఎన్ని నోళ్లు మూయించారో ఈ దేశంలో. అరికాలి మంట నెత్తికెక్కింది సుకన్యకు. ఒకడేమో చీర కట్టుకుంటే పాతచింతకాయ అంటాడు, ఒకామేమో చీర కట్టుకోకపోతే చిన్నపిల్ల అంటుంది. చెప్పే పాఠం ఒకటే, చెప్పే నోరు ఒకటే, ఆ నోటి కిందుగా ఏముందన్న దాని మీదే ఇద్దరి కన్నూ. ఆ కుర్తా ఇంటికొచ్చి విప్పి దండెం మీదికి విసిరేసింది. మంగవ్వ దాన్ని తీసి మడతపెట్టి బీరువాలో దాచింది.

చివరికి చలపతిరావే తేల్చేశాడు. లేత నీలం ఫుల్ హ్యాండ్స్ చొక్కా, ఖాకీ రంగు ప్యాంటు, బూట్లు. రంగులతో సహా చెప్పాడు. సరే, తగలెయ్యి అనుకుని సుకన్య అవే కొంది. ఇంట్లో తొడుక్కుని చూసుకుంటుంటే ఐలయ్య పేపరు దించి చూశాడు. చూసి, మళ్లీ చూశాడు.

"గిదేంది బిడ్డా, నా డ్రెస్సు తొడుక్కున్నవా?"

"నీదిగాదు నాయినా. కొన్న."

"కొన్నవా? ఖాకీ కొనుక్కునుడేంది?" అని ఆయన నిజంగానే విడ్డూరపడ్డాడు. "నా నౌకరంత కాలం ఖాకీనే తొడిగిన. బట్ట డిపోల్నే ఇచ్చిన్రు, కుట్టుకూలి సుత వాళ్లే ఇచ్చిన్రు. గిది తొడగమన్నోడు నీకేమిచ్చిండు?"

"ఏమియ్యలే."

"మరెందుకు తొడుగుడు?"

ఫ్లెక్సీ కోసమని చెప్పడానికి సుకన్యకు సిగ్గేసింది. "ఊకో నాయినా, నీకు తెల్వదు," అని కసిరింది. ఐలయ్య ఏమీ అనుకోలేదు. కండక్టరుగా ఇంతకన్నా పెద్ద కసుర్లే తిన్నాడు. కానీ సుకన్యకు తనమీద తనకే కోపమొచ్చింది, తండ్రి అడిగిందాంట్లో తప్పేం లేదని తెలుసు కనక.

బూట్లు మిగిలాయి. ఆదివారం సాయంత్రం అవే బట్టల్లో పంజాగుట్టలో కొత్తగా తెరిచిన పెద్ద మాలుకి పోయింది. బట్టలు అలవాటైతే రేపు క్లాసులో ఇబ్బంది ఉండదని ఆలోచన. బూట్లు పైఅంతస్తులో అన్నారు. ఆడవాళ్ల బట్టలు దాటుకుని పోతుంటే ఒకావిడ వెనక నుంచి కేకేసింది.

"ఇదుగో అమ్మాయ్, ఇందులో ముప్పైనాలుగు సైజు ఉందా?"

సుకన్య తనను కాదనుకుని ముందుకు పోయింది. ఆవిడ వచ్చి అడ్డంగా నిలబడి, చేతిలో ఉన్న టాపులన్నీ సుకన్య చేతుల మీద కుప్పగా పడేసింది. "పిలుస్తుంటే పోతావేంటి? ఇవి నాకు వద్దు, పట్టుకుపో. ఎర్రది ఇంకో సైజు తీసుకురా. నిలబడి చూస్తావేంటమ్మా, జీతం ఇవ్వట్లేదా నీకు?"

రెండు చేతుల నిండా పరాయి బట్టలు, నోటి నిండా తిట్లు. వాటిలో ఒకటి బయటపడేలోపే పక్క నుంచి ఇంకో అమ్మాయి పరుగున వచ్చింది. లేత నీలం చొక్కా, ఖాకీ ప్యాంటు. మెడలో ట్యాగు. సుకన్యను చూసి నోరు తెరిచింది.

"సుకన్యక్కా! నువ్వు గిక్కడ చేరినవా? ఎప్పుడు?"

ఆ పిల్ల స్వరూప, బోరబండలో వాళ్ల వెనక గల్లీ చిలకమ్మ కూతురు. ఇంటర్ దాకా సుకన్య దగ్గరే లెక్కలు చెప్పించుకుంది. అటూ ఇటూ చూస్తే ఆ అంతస్తులో కనపడ్డ సేల్స్ గర్ల్సందరిదీ అదే చొక్కా, అదే ప్యాంటు. మాలువాళ్లు ఎంచుకున్న యూనిఫామూ, చలపతిరావు ఎంచుకున్న హైటెక్ సిటీ అవతారమూ పోగు తేడా లేకుండా ఒకటే!

"చేరలే స్వరూపా," అంది సుకన్య బట్టల కుప్ప ఆ పిల్లకు అందిస్తూ. "రేపు నాకు జావా డెమో ఉన్నది. గందుకే గీ వేషం."

"మంచిగనే ఉన్నదక్కా. కానీ ట్యాగు లేదు గద. ట్యాగుంటెనే మేనేజర్ లోపలికి రానిస్తడు," అని నవ్వి స్వరూప ఆ ఎర్ర టాపుకోసం పరుగెత్తింది. రోజంతా నిలబడ్డ కాళ్లు ఆ పిల్లవి, కొంచెం కుంటుతోంది. సుకన్యకు ఆ బట్టలు పడేసినావిడ మీద వచ్చిన కోపం అంతకంత అయింది. తనను సేల్స్ గర్ల్ అనుకున్నందుకు కాదు. సేల్స్ గర్ల్ అయితే మాత్రం అట్లా మాట్లాడొచ్చా? బూట్లు కొనకుండానే బయటికొచ్చేసింది.

సోమవారం పొద్దున హాలు కిటకిటలాడింది. కుర్చీలు చాలక వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. సుకన్య చీర ఉన్న సంచి బల్ల కింద పెట్టింది. డెమో కాగానే గొళ్లెం సరిగ్గా పడని ఆ సెంటర్ బాత్రూములో మార్చుకుని కాలేజీకి పోవాలి. చలపతిరావు వచ్చి ఆమె బూట్లకు బదులున్న పాత చెప్పులు చూసి నొసలు చిట్లించాడు. జేబులోంచి నీలం ట్యాగు ఒకటి తీశాడు.

"ఇది మెళ్లో వేసుకో. కార్డు జేబులో తోసెయ్. తాడు కనపడితే చాలు."

"ఎవరిది సార్ ఇది?"

"ఎవరిదైతే ఏంటమ్మా, వేసుకో. టైమైంది."

వేసుకుంది. కార్డు జేబులో పెడుతూ చూసింది. ప్లాస్టిక్ లోపల తెల్ల అట్టముక్క, అంతే. ఒక్క అక్షరం లేదు. ఆ క్షణాన ఆమెకు ఏడుపు కూడా వచ్చింది, కానీ కోపం దాన్ని పక్కకు నెట్టేసింది.

చలపతిరావు మైకు అందుకున్నాడు. "డియర్ స్టూడెంట్స్, మన మేడం గారు హైటెక్ సిటీలో పెద్ద కంపెనీలో సీనియర్ పొజిషన్లో ఉన్నారు. ఇక్కడ డెమో చెప్పి, అటు నుంచి అటే ఆఫీసుకి పోతారు. పూర్తిగా రియల్ టైమ్!"

మూడో వరసలో ఒక కుర్రాడు లేచి నిలబడ్డాడు. పేరు నరేశ్. పంజాగుట్ట కాలేజీలో ఆఖరి సంవత్సరం, సుకన్య క్లాసులో వెనక బెంచీ. వాడితోపాటు ఆ బెంచీ బెంచీ అంతా వచ్చి కూర్చుంది. వాడి మొహంలో వెటకారం లేదు పాపం, పొంగిపోతున్నాడు.

"మేడం! మీరు మా సుకన్య మేడమే గద! చీరల లేకుంటె గుర్తువట్టలే. మస్తున్నరు మేడం! మధ్యాహ్నం మన క్లాసు ఉన్నదా, ఆఫీసుకు పోతరా?"

హాలంతా ఒక్కసారి గొల్లుమంది. చూశారా చలపతిరావు తెలివి? మధ్యాహ్నం పంజాగుట్టలో పాఠం చెప్పే మనిషిని, పొద్దున అమీర్‌పేటలో కంపెనీ మనిషని చెప్పి నమ్మించబోయాడు. ఆ కాలేజీ పిల్లలు సాయంత్రమైతే నడిచొచ్చి ఇదే రోడ్డు మీద మిర్చిబజ్జీలు తింటారు. జావా నేర్చుకోవాలంటే ఇక్కడికి కాక ఎక్కడికి పోతారు? చొక్కా రంగు దగ్గర్నుంచి జాగ్రత్త పడ్డ పెద్దమనిషికి ఈ ముక్క తట్టలేదు.

"అంటే... మేడం అక్కడ గెస్ట్ ఫ్యాకల్టీగా, సరదాగా..." చలపతిరావు మైకులో నీళ్లు నమిలాడు.

సుకన్య మైకు లాక్కుంది. అందరూ అంటుంటారే ముక్కు మీది కోపం, అది ఆ రోజు దిగి వచ్చింది.

"సరదా ఏం లేదు. నాకు కంపెనీల నౌకరి లేదు. ఏనాడూ చెయ్యలే. గీ చొక్కా సారు తొడగమంటె కొన్నది. గీ తాడు సారుదే. పాఠం ఒక్కటే నాది. కంపెనీ మనిషే కావాలంటె మెట్లు గటు ఉన్నయ్, పోండ్రి. పాఠం కావాలంటె కూసోండ్రి."

కొందరు లేచిపోయారు. కుర్చీలు చప్పుడు చేశాయి. చలపతిరావు గుమ్మం దగ్గర చేతులు అడ్డంపెట్టి, ఆగండి బాబూ ఆగండి అని బతిమాలుకుంటున్నాడు. సుకన్య అటు చూడలేదు. మెడలోంచి ట్యాగు తీసి బోర్డు మేకుకు తగిలించింది, కార్డు ఇంకా జేబులో దాగి ఉన్నట్టే, కార్డుకు ఒక కాగితం అడ్డంపెట్టి.

"జావాల మొదలు నేర్సుకోవాల్సింది ఎన్‌క్యాప్సులేషన్. పెద్దపేరని భయపడకండ్రి. గీ తాడు చూడుండ్రి. అందరికి కనవడుతది, గిది పబ్లిక్. కార్డు దాచిపెట్టిన్రు, గది ప్రైవేట్. బయటోడు తాడు చూసి పని నడుపుకోవాలె తప్ప, లోపల ఏమున్నదో వానికి తెల్వద్దు. ఇప్పుడు లోపలేమున్నదో చూస్తరా?"

కాగితం తీసేసింది. తెల్ల అట్టముక్క ఫ్యాను గాలికి ఊగింది. ఒక నిమిషం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక హాలు దద్దరిల్లింది. గుమ్మం దాకా పోయినవాళ్లు వెనక్కి తిరిగి నిలబడ్డారు. ఆ తర్వాత ఆమె బోర్డు మీద ప్రోగ్రాము రాసింది. ఏది పబ్లిక్ పెట్టాలి, ఏది ప్రైవేట్ పెట్టాలి, ఎందుకు పెట్టాలి, పెట్టకపోతే ఏం తగలబడుతుంది, అన్నీ ఆ కోపంతోనే చెప్పింది. కోపంలో సుకన్య నోట ఒక్క మాట తడబడదు.

క్లాసయ్యాక చలపతిరావు గదిలో తలుపు వేసి అరిచాడు. "నా పరువు తీశావు. బ్యాచ్ లేదు, ఏమీ లేదు, వెళ్లు."

"మీ పరువు నేను దియ్యలే సార్. మేకుకు తగిలిచ్చిన, అంతె. పోయి దెచ్చుకోండ్రి," అని సంచి భుజాన వేసుకుని బయటికొచ్చేసింది. జావా పోయింది. ఫ్లెక్సీ పోయింది. చెప్పుకోవడానికి సిగ్గేం లేదు, ఆ రోజు స్టాఫ్ రూములో చీర కట్టుకుంటూ కుచ్చిళ్లు పట్టుకుని కాసేపు ఏడ్చింది.

రెండు రోజులు ఆమె అమీర్‌పేటలో దిగలేదు. మూడో రోజు సాయంత్రం చలపతిరావే స్కూటర్ మీద బోరబండ గల్లీలోకి వచ్చాడు. మంగవ్వ ఇచ్చిన చాయ్ ఊదుకుని తాగుతూ, మొహం నిండా వెలుగు పులుముకుని మాట్లాడాడు.

"ఏం చెప్పమంటావు సుకన్యా! ఆ రోజు విన్నవాళ్లందరూ ఆ మేడం అయితేనే కడతాం అంటున్నారు. వాళ్ల హాస్టల్స్‌లో చెప్పారట, ఇంకా జనం వస్తున్నారు. వంశీధర్ డెమోకి పిల్లలు వాడి జేబులో కార్డు తియ్యమని అడిగారు. వాడు సెలవు పెట్టాడు. నువ్వు రావాలి."

"ఫ్లెక్సీ మీద పేరు నాదేనా?"

"నీదే! కాకపోతే ఒక్క చిన్న మార్పు."

సుకన్య కళ్లు చిన్నవయ్యాయి.

"ఇకనుంచి రోజూ చీరలోనే రావాలి. ఊరంతా రియల్ టైమ్ అని కొట్టుకుచస్తుంటే మనం కొత్తగా పోదాం. చీర కట్టుకున్న మేడం అబద్ధం చెప్పదని జనానికి నమ్మకం. గంజి పెట్టిన చీర, నుదుట బొట్టు. అదే మన ట్రేడ్‌మార్కు. ప్యాంటు మాత్రం పొరపాటున కూడా వద్దు."

ఐలయ్య పేపరు దించాడు. మంగవ్వ చాయ్ గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. తను ఇన్నేళ్లు ఆదివారం ఆదివారం పెట్టిన గంజి ఎవడి దుకాణానికో బోర్డు కాబోతోందని ఆమెకు అప్పుడు తెలిసింది.

"పేరు పెద్దగ రాయించండ్రి సార్," అంది సుకన్య చాలా నెమ్మదిగా. నెమ్మదిగా మాట్లాడితే ఇంట్లో వాళ్లకు భయం. చలపతిరావుకు ఆ సంగతి తెలీదు. సంతోషంగా స్కూటర్ ఎక్కాడు.

మరుసటి సోమవారం ఆమె బస్సు దిగేసరికి ఫ్లెక్సీ కట్టి ఉంది. రోడ్డుకి అడ్డంగా, ఇటు కరెంటు స్తంభం నుంచి అటు స్తంభం దాకా. ఎక్కడో క్యాలెండర్లోంచి ఎత్తుకొచ్చిన పట్టుచీర బొమ్మ. దాని పక్కన బండెడు అక్షరాలు: జావా విత్ శారీ మేడం. నమ్మకానికి మారుపేరు. సుకన్య అన్న మాట అడుగున ఉంది, ఫోన్ నంబరు కన్నా చిన్నగా, చీమ పాకినట్టు.

బస్సులో కూర్చుని కిటికీలోంచి చదువుకోవాలని ఎన్నాళ్లు కలగన్న పేరు! దగ్గరికొచ్చి, మెడ ఎత్తి, కళ్లు చికిలించి చూస్తే తప్ప కనపడలేదు.

ఆమె ఒంటి మీద లేత నీలం చొక్కా, ఖాకీ ప్యాంటు. బాగా ఉతికి, ఇస్త్రీ చేసి, చేతులు మోచేతి దాకా మడిచింది. మెడలో తాడు లేదు. చీర సంచి కూడా తేలేదు. మధ్యాహ్నం వసుమతి సంగతి మధ్యాహ్నం చూసుకోవచ్చు. ఒకరు తొడగమంటే తొడిగింది, ఒకరు కట్టుకోమంటే కట్టుకుంది. ఇవాళ పొద్దున అద్దం ముందు నిలబడి, దండెం మీద చీరనూ, బీరువాలోంచి తీసిన కుర్తానూ, చొక్కానూ అన్నీ చూసి, ఆమెకు ఏది బుద్ధి పుడితే అది వేసుకుంది. ఆ బుద్ధి పుట్టించినవాడు చలపతిరావే, పాపం ఆయన పుణ్యమే.

జిరాక్స్ షాపు దగ్గర కొత్తగా వచ్చిన ఒక అమ్మాయి ఫైలు పట్టుకుని దిక్కులు చూస్తోంది. నీలం చొక్కా వేసుకున్న సుకన్యను చూసి, ఇక్కడ పనిచేసే మనిషి అనుకున్నట్టుంది, దగ్గరికొచ్చింది.

"అక్కా, జర చెప్పవా? గీ శారీ మేడం క్లాసు ఎక్కడ?"

మెట్ల పైన గుమ్మంలో చలపతిరావు మేడం మెడలో వెయ్యడానికి దండ పట్టుకుని నిలబడి ఉన్నాడు. కిందికి చూశాడు. ప్యాంటు చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"శారీ మేడం ఎవ్వరు లేరు గిక్కడ," అంది సుకన్య పైకి వినపడేటట్టు. "సుకన్య మేడం ఉన్నది. రెండో అంతస్తు. జల్ది నడువ్, షురూ జేస్తున్న."